కిందికి దిగిన పెట్టెలు

కొత్త సరుకు దించేముందు పాత నిల్వ చూసుకోవడం మా వ్యాపారంలో పద్ధతి. కథకైనా అంతే. పోయిన వారానికి నా దగ్గర మిగిలిన నిల్వ ఇది: ఒక చెప్పుల కొట్టు, దాని పైన రెండు గదులు, ఆ గదుల్లో ఒక మనిషి. భార్య పోయింది. పిల్లలు లేరు. వీధికి ఆ వైపు, సరిగ్గా నా గుమ్మానికి ఎదురుగా, ఇంకో చెప్పుల కొట్టు. దాని యజమానికీ నాకూ మాటల్లేవు. కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆవిడ ఆయన్ని 'ఎదురాయన' అంది. అదే పేరు ఉండిపోయింది. వీధివాళ్ళు మాత్రం మా ఇద్దరినీ కలిపి 'తోడల్లుళ్ళు' అంటారు. చుట్టరికం ఏమీ లేదు. ఒకరి బాగు ఒకరం ఓర్చుకోలేకపోవడం చూసి పెట్టిన పేరు.

ముసలితనం మీద పరిశోధన జరిగే చోట నేను చేరిన సంగతి మీకు తెలుసు. నెలకోసారి వెళతాను. రక్తం తీస్తారు, పిడికిట్లో బలం ఎంతుందో చూస్తారు, నేల మీద గీత గీసి దాని వెంట నడిపిస్తారు. ఎందుకు చేరావని అడిగినవాళ్ళతో ఎక్కువకాలం బతకడానికని చెప్పాను. అసలు లాభం వేరే ఉంది. నేను రోజంతా ఊరందరి పాదాలూ చేతుల్లోకి తీసుకుంటాను. నా చెయ్యి పట్టుకునేది మాత్రం నాడి చూసే ఆ నర్సమ్మ ఒక్కతే. ఆ కాసేపటి కోసం నెలంతా రక్తం దాచుకున్నా నష్టం లేదనిపించేది.

అలాంటి చోట కొత్త నిబంధన పెట్టారు. వచ్చే దశలో కొనసాగాలంటే, నన్ను రోజూ చూసే దగ్గరి మనిషి ఒకరి పేరు ఇవ్వాలట. ఇవ్వలేనివాళ్ళని తీసేస్తారట. నేను పేర్లు ఇచ్చి వచ్చాను. మర్నాడే అక్కడి డాక్టరమ్మ మాట్లాడాలని పిలిచింది. ఆ పిలుపు దగ్గర ఆగాం.

వీధిలో ఒక అలవాటు ఉంది. షట్టర్ సగం దించితే కొట్టాయన దగ్గర్లోనే ఉన్నాడని అర్థం. గిరాకీ ఆగుతుంది. పూర్తిగా దించితే ఎదురు కొట్టుకి వెళ్ళిపోతుంది. నేను సగం దించి బయల్దేరాను. సంస్థ మా వీధి చివరే.

డాక్టరమ్మ గదిలో గోడకి పాత పటాలు కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లో దారప్పోగులాంటి పురుగు, ఒకదాంట్లో తెల్ల ఎలుక, ఇంకోదాంట్లో రంగులు వేసిన కణం. వాటి పక్కన ఈ మధ్యే తగిలించిన పటంలో ఇద్దరు ముసలివాళ్ళు ఒక బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఏమీ చెయ్యడం లేదు. ఊరికే కూర్చున్నారు.

"రండి బాబాయ్ గారూ. ఒక్కరి పేరు అడిగితే ఆరుగురివి ఇచ్చారేంటి?"

"ఒక జత అడిగితే ఆరు జతలు ముందర పరచడం మా అలవాటమ్మా. నచ్చింది ఏరుకోండి."

ఆమె నవ్వలేదు. "ఏరుకోవడానికే అందరికీ ఫోన్ చేశాను," అంది.

ఆరు జతలు పరిచేది ఆరూ తొడిగి చూస్తారని కాదు. కొట్టు నిండుగా ఉందన్న నమ్మకం కలగడానికి.

"ఏమన్నారు?"

"అందరూ మంచిగానే చెప్పారు. మాట తప్పరన్నారు. మూత మీద ఒక సైజు, పెట్టెలో ఒక సైజు మీ దగ్గర ఎప్పుడూ ఉండదన్నారు."

"మరింకేం!"

"తోలు పంపే ఆయన, అమ్మగారిని అడిగానని చెప్పమన్నారు."

నేను బల్ల అంచు పట్టుకుని అక్కడి గీతని గోటితో గీకాను. అది పోయే గీత కాదు.

"అమ్మగారు పోయిన సంగతి ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు బాబాయ్ గారూ."

"సందర్భం రాలేదమ్మా. వాళ్ళు ఫోన్ చేసేది సరుకు గురించి. ఎలా ఉన్నారంటారు. బాగున్నాం అంటాను. ఇద్దరం ఉన్నప్పుడు అలవాటైన జవాబు. మార్చలేదు."

మళ్ళీ నేనే తేరుకున్నాను. బేరం ఒక వైపు తెగితే ఇంకో వైపు నుంచి రావాలి. "అసలు మీకు కావలసింది నా రక్తం కదా? అది నేను ఆపలేదే. మధ్యలో ఈ సాక్షి ఎందుకు?"

"మొదట్లో మేమూ రక్తం చాలనుకున్నాం. నేను చదువుకునే రోజుల్లో మా గురువుగారు అదిగో, ఆ పురుగుని చూపించి, దీని ఆయుష్షు సాగదీస్తే సగం పని అయినట్టే అనేవారు. సాగదీశారు కూడా. తర్వాత ఎలుకలు. ఆ తర్వాత మనిషి కణాలు. అప్పుడంతా ఒకటే ప్రశ్న, ఎన్నేళ్ళు బతికించగలం అని. ఇప్పుడు ప్రశ్నలు పెరిగాయి. ఎన్నేళ్ళు తన పని తను చేసుకోగలడు, మెట్లెక్కగలడు, ఎవరితో మాట్లాడతాడు, మాట్లాడేవాళ్ళు లేకపోతే ఒంట్లో ఏమవుతుంది..."

"పురుగులతో మొదలెట్టి చెప్పుల కొట్టుదాకా విస్తరించారన్నమాట."

"అలాగే అనుకోండి. మనిషి మారేది మెల్లగా. తనకే తెలియదు. మాకు మీరు కనిపించేది నెలకోసారి, అదీ తల దువ్వుకుని వచ్చిన రోజు. రోజూ చూసేవాళ్ళయితే ఇట్టే పట్టేస్తారు."

"చూసేవాళ్ళు లేని సరుకు?"

ఆమె కలం కింద పెట్టింది. "వాళ్ళ గురించే ఎక్కువ తెలుసుకోవాలి. ఒప్పుకుంటాను. కానీ ఈ దశకి మనిషి ఉండాల్సిందే. నిబంధన నేను పెట్టింది కాదు."

ఇంక ఆ కుర్చీలో నాకు పని లేదు. లేచాను. పోయేదేమిటో మనసులో కూడుకున్నాను. ఒక నడక గీత, ఒక పిడికిలి యంత్రం, ఒక నర్సమ్మ చెయ్యి. వినడానికి చిన్న నష్టమే. ఇలాంటి చిన్న నష్టాలకే నా వయసులో కొట్లు మూతపడతాయి.

"కూర్చోండి. మీ సంగతి మళ్ళీ చూద్దాం. పిలిచింది ఇంకో పని మీద కూడా," అంది డాక్టరమ్మ. "ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఇంకొకాయన తన దగ్గరి మనిషిగా మీ పేరు ఇచ్చారు. మీతో మాట్లాడమని సంతకం కూడా పెట్టారు."

"నా పేరా? ఎవరమ్మా ఆ దిక్కులేనివాడు?"

"మీ ఎదురు కొట్టాయన."

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. "ఆయనా వస్తున్నాడా ఇక్కడికి! చూశారా, నేనెక్కడ అడుగుపెడితే అక్కడ అడుగు పెడతాడు. ఇందులో ఏదో మతలబు ఉందమ్మా. ఊరికే ఏ పనీ చేసే మనిషి కాదు."

"ఆయన మీకంటే ముందు నుంచీ వస్తున్నారు. మీ గురించి ఆయనా ఇదే అన్నారు." ఈసారి ఆమె నవ్వింది. "రోజూ చూసేవాళ్ళు ఎవరని అడిగాను. 'పొద్దున నేను షట్టర్ తీసేసరికి నన్నే చూస్తుంటాడు, మూసేదాకా కన్ను తిప్పడు, అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు' అన్నారు. కాదంటారా?"

కాదనలేకపోయాను.

"ఆయన ఇంట్లో ఎవరెవరుంటారు?"

"తెలియదు."

"భార్య ఉన్నారా?"

ఆ కొట్టులో ఏ అరలో ఏ రకం ఉందో, దేనికి ఎంత చెప్పి ఎంతకిస్తాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆయనకి భార్య ఉందో లేదో తెలియదు. తల అడ్డంగా ఊపాను.

"పోనీ, ఈ ఏడాదిగా ఆయనలో ఏమైనా మార్పు గమనించారా?"

"మనిషిలో అయితే తెలియదు గానీ వ్యాపారంలో చాలా. మంచి మంచి ఎత్తులు వేశాడమ్మా, చెప్పుకోవాలి." నాకు ఉత్సాహం వచ్చింది. శత్రువు గురించి చెప్పమంటే ఎవరికి రాదు? "ఒకరోజు చూస్తే పై అరల్లోని పెట్టెలన్నీ కిందికి దించేశాడు. సరుకు కంటికి ఎదురుగా ఉంటే చెయ్యి వెళుతుంది, చెయ్యి వెళితే బేరం కుదురుతుంది. నేను వారం తిరక్కుండా నావీ దించేశాను. తర్వాత, నేల మీద గొంతుక్కూర్చుని చెప్పులు తొడగడం మానేసి ఎత్తు పీట వేసుకున్నాడు. గిరాకీ కాలు ఏటవాలు పలక మీద పెట్టాలి. దర్జాగా ఉంటుంది. నేనూ అలాంటిదే చేయించాను."

ఆమె రాసుకుంటోంది. "ఇంకా?"

"లేసుల బూట్లు తీసేశాడు. అన్నీ కాలు దూర్చుకునేవే. అంటే బజారు అటు తిరుగుతోందని ముందే పసిగట్టాడన్నమాట. నా దగ్గరి లేసుల సరుకంతా నేనూ వెనక్కి పంపేశాను. ఆ తర్వాత పెళ్ళివారి ఇంట్లో పెట్టినట్టు కొట్టు నిండా పెద్ద దీపాలు పెట్టాడు. నేను ఇంకా పెద్దవి పెట్టాను."

"బాబాయ్ గారూ," అంది ఆమె మెల్లగా, "ఆయన నిచ్చెన ఎక్కగా మీరు చివరిసారి చూసిందెప్పుడు?"

మనసులో ఆయన కొట్టంతా వెతికాను. ఆయన నిచ్చెన గోడకి ఆనించి ఉండటం కనిపించింది. దాని మీద బొమ్మల కొలువులాగా ఖాళీ సంచులు ఆరేసి ఉండటం కనిపించింది. ఆయన మాత్రం దాని మీద కనిపించలేదు.

పెట్టెలు దించింది ఎక్కలేక. పీట వేసుకుంది కూర్చుంటే లేవలేక. లేసులు తీసేసింది ముడి వెయ్యడానికి వేళ్ళు వంగక. దీపాలు... మూత మీది సైజు చదవడానికి.

ఎదురాయన ఎత్తులనుకుని, ఒక ముసలితనాన్ని సరుకు సరుకుగా చూసి రాసుకుని, అచ్చంగా దానికి నకలు తెచ్చి నా కొట్టులో పెట్టుకున్నాను. వీధిలో ఇంత నష్టపు బేరం ఇంకెవరూ చేసి ఉండరు.

"పెట్టెలు దించాక మీరు నిచ్చెన ఎక్కారా?" అంది డాక్టరమ్మ.

"అవసరం రాలేదు."

"పీట సుఖంగా ఉందా?"

"సుఖంగానే ఉంది," అన్నాను. ఆ మాట నా చెవికే తగ్గు స్వరంలో వినిపించింది. ఆయన దించిన ప్రతి వస్తువూ నాకూ అందేంత ఎత్తులోనే ఉంది మరి. అది వ్యాపారమని పేరు పెట్టుకున్నాను కాబట్టి సిగ్గు లేకుండా పోయింది.

ఆమె ఇంకో కాగితం తిప్పింది. "అయిపోవచ్చింది. ఈ వారంలో ఏమైనా కొత్తగా?"

"ఉంది. షట్టర్ ఎప్పుడూ కుడిచేత్తో ఒక్క ఊపున తోసేవాడు. ఈ మధ్య ఎడంచేత్తో తంటాలు పడుతున్నాడు. బేరం ఆడటం కూడా మానేశాడు. ఇంతకుముందు గిరాకీతో గంటసేపు వాదించే మనిషి, ఇప్పుడు ఒక్క ముక్క అని ఊరుకుంటున్నాడు. ఒకే మాట, ఒకే ధర అని కొత్త పద్ధతి పెట్టాడేమో అనుకున్నాను. నేనూ అలాంటి బోర్డు రాయిద్దామని..."

ఆమె రాయడం ఆపేసింది.

"నడక?"

"కుడి చెప్పు ఈడుస్తున్నాడు. ముందు భాగం నేలకి రాసుకుంటూ పోతోంది. అలా నడిస్తే ఎంత మంచి చెప్పైనా నెల నిలవదు."

"ఎప్పట్నుంచి?"

"నిన్నా మొన్నటి నుంచి. ఈ పొద్దున మరీను."

ఆమె అప్పటికే లేచి ఫోన్ అందుకుంది. ఆయన నంబరు కలిపింది. అటు మోగుతూనే ఉంది. "ఎత్తడం లేదు," అంది.

"గిరాకీ వేళ ఎత్తడు. వయసు మీద పడుతోంది, అంతేగా అమ్మా? ఇప్పుడు మనం చెప్పుకున్నవే కదా?"

"ఇది వయసు కాదు. వయసు ఇలా రెండు రోజుల్లో ఒక్క పక్కకే రాదు." ఆమె గొంతులో తొందర నాకు నచ్చలేదు. "మెదడుకి రక్తం అందడం లేదేమో. చెయ్యి, కాలు, మాట, మూడూ కలిశాయి. ఇప్పుడే ఆసుపత్రికి చేరాలి. నేను అంబులెన్సు పంపిస్తాను. కానీ ఆయన ఎక్కనంటే వాళ్ళు బలవంతాన ఎక్కించలేరు. చెప్పడానికి ఆయనకి ఎవరున్నారు?"

"ఎవరున్నారు?" అన్నాను నేనూ.

"ఆయన ఇచ్చిన పేరు మీదొక్కటే."

"నేను పగలంటే దీపం వెలిగించే మనిషమ్మా ఆయన. నా మాట వింటాడా?"

"అమ్మడం మీ పనే కదా బాబాయ్ గారూ. వెళ్ళండి."

వీధిలో నా వయసువాడు పరుగెత్తితే చూసేవాళ్ళకి వేడుక. "ఏమైంది తోడల్లుడూ?" అని ఎవరో కేక వేశారు. నా కొట్టు సగం షట్టర్ కింద ఒక భార్యాభర్తలు నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటి అటు తిరిగాను. కాపురమంతా ఎదురుగా ఉన్న గుమ్మం, నేను మొట్టమొదటిసారి ఎక్కడం.

లోపల అదే తోలు వాసన, అదే జిగురు వాసన. కింది అరల్లో పెట్టెలు, ఎత్తు పీట, ఏటవాలు పలక, పెద్ద దీపాలు. నా కొట్టులోకి నేనే వచ్చినట్టుంది. పీట మీద ఎదురాయన కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎవరో ఒళ్ళో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. దగ్గరినుంచి చూస్తే నేననుకున్నదానికంటే చాలా చిన్న మనిషి.

"ఏం... ధరలు చూడ్డానికి... నువ్వే వచ్చావా?" మాట ముద్దగా వచ్చింది. "మనుషుల్ని... పంపేవాడివిగా."

"డాక్టరమ్మ పంపింది. బండి వస్తోంది. ఆసుపత్రికి వెళ్ళాలి."

"బాగానే ఉన్నా."

"ఆ చెయ్యి ఎత్తు."

ఎత్తలేదు. ఎత్తలేకపోయినట్టు నాకు తెలిసిపోతుందని మొహం తిప్పుకున్నాడు. "నేను మూస్తే... గిరాకీ... నీకు. అదీ... నీ ఎత్తు."

నా దగ్గర సిద్ధంగా ఉన్న మాటలన్నీ తీసి చూసుకున్నాను. ఒక్కటీ ఆయన సైజు కాదు. ఇన్నేళ్ళు నేనేం చెప్పినా అందులో మోసం వెతికిన మనిషి. ఆయన చోట ఉంటే నేనూ వెతికేవాణ్ణే. ఇంక ఇవ్వగలిగింది ఒక్కటే ఉంది.

"నా కొట్టు కూడా మూస్తాను."

"సగమేగా."

"మొత్తం."

ఆయన కళ్ళలో పాత వ్యాపారి మేలుకున్నాడు. "ముందు... నువ్వు."

వీధి దాటి వచ్చాను. "ఏమండీ, మా ఆయనకి బూట్లు..." అంటోంది ఆ భార్య. "ఇవాళ లేవమ్మా, రేపు రండి," అన్నాను. "ఎదురుగా ఉందిగా కొట్టు," అన్నాడు భర్త. "అదీ లేదు," అన్నాను. షట్టర్ కిందికంటా లాగి తాళం వేశాను. పట్టపగలు ఆ చప్పుడు వీధంతా వినపడింది. అవతల మందుల కొట్టాయన బయటికి వచ్చి నిలబడ్డాడు. ఎవరో పోయారనుకుని ఉంటాడు. మా ఆవిడ పోయిన రోజు కూడా నేను సగమే దించాను.

తాళం చెవి పైకెత్తి ఎదురాయనకి చూపించాను.

తిరిగి వెళ్ళేసరికి ఆయన గుమ్మం అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూతి ఒక పక్కే నవ్వుతోంది. రెండో పక్క కదలడం లేదు. నేను భుజం కింద చెయ్యి వేశాను. వద్దనలేదు. వీధి చివర అంబులెన్సు మోత వినిపించింది.

"నీ పేరు... ఎందుకిచ్చానో..." అన్నాడు.

"తర్వాత చెబుదువుగాని. మాట్లాడకు."

"కాదు... విను." ఎడమచెయ్యి నా చొక్కా పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా బలం ఉంది. "నన్ను నువ్వు... చూసినట్టే... నేనూ చూశా. నీలో... ఒకటి. చాన్నాళ్ళుగా. డాక్టరమ్మకి... చెప్పలా. నీకే... చెప్పాలని..."

"ఏం చూశావు?"

ఆయన నోరు తెరిచాడు. పెదవి కదిలింది. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గొంతులోంచి గాలి ఒక్కటే వచ్చింది. రాలేదని తనకే అర్థమైనట్టు కళ్ళు పెద్దవి చేసి నా వంక చూశాడు. ఇంతకాలం నన్ను చూసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడని తెలిసిన రోజే, ఆ ఒక్కడి నోరు నా కళ్ళెదుట మూతపడుతోంది.

చొక్కా వదిలేసి ఎడమచేతి వేలు నాకేసి ఎత్తాడు. ఆ వేలు నా తల వైపు చూపించిందో, కళ్ళ వైపో, గుండె వైపో ఆ వణుకులో తేలలేదు.

"ఎక్కడ? ఇక్కడా? ఇంకోసారి చూపించు," అన్నాను.

బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆయన చెయ్యి కిందికి జారిపోయింది.